ఏడో గోదాములో వీడ్కోళ్ళు

37వ నమోదు

దినచర్య మీ భాషలోనే రాయండి, పనితో పాటు భావాలు కూడా రాయండి అని కంపెనీవాళ్ళు చెప్పారు. పని: పొద్దుట నుంచి సామాన్లు బల్ల మీదికి ఎక్కించి దించడమే సరిపోయింది, రెండే వెళ్ళాయి. భావాలు: చలి.

ఎవరైనా చదువుతారేమోనని మొదట్లో అనుమానం ఉండేది. మేనేజరుది గాడిద మొహమని ఒకసారి రాసి చూశాను. "మీ భావాలు పంచుకున్నందుకు కృతజ్ఞతలు" అని ఎప్పటి జవాబే వచ్చింది. అప్పటి నుంచి నిశ్చింతగా రాస్తున్నాను.

మేముండేది జపాన్‌లో ఒక కొండ మీద మూతపడ్డ బడిలో. పిల్లలు అయిపోయి బడి మూసేశారు. తర్వాత పోస్టాఫీసు, తర్వాత దుకాణం. ఇళ్ళల్లో మిగిలిన సామానంతా తెచ్చి బడి ఆటల హాల్లో పైకప్పు దాకా పేర్చి, ఏడో గోదాము అని పేరు పెట్టారు. అన్నం వండే కరెంటు కుక్కర్లు, బొమ్మల వారపత్రికలు, నాణెం వేస్తే గుడ్డులో వచ్చే ప్లాస్టిక్ బొమ్మలు, ఎప్పుడో పాడటం మానేసిన గాయనుల మొహాలు అచ్చేసిన తువ్వాళ్ళు. పారెయ్యడానికి మనసొప్పక దాచారు. దాచి దాచి చోటు లేక, రకానికొకటి మ్యూజియానికి ఉంచి మిగతావి పిండి చేయమని ఇప్పుడు చట్టం చేశారు. ఊరికే పిండి చేస్తే వస్తువు నొచ్చుకుంటుందట. అందుకని ఒక్కొక్కదానికీ మనిషి నోటితో వీడ్కోలు చెప్పాలి. చెప్పడానికి వాళ్ళ మనుషులు లేరు, శ్రీకాకుళం నుంచి మమ్మల్ని తెచ్చుకున్నారు.

బల్ల మీద మానికంత పెట్టె ఉంటుంది. పేరు చెవి. వీడ్కోలు మనసులోంచి వచ్చిందని దానికి తోస్తే పచ్చ దీపం, లేకపోతే ఎర్ర దీపం. పచ్చ వెలిగితే తప్ప పిండి చేసే మర తలుపు తెరుచుకోదు.

"ఇన్నాళ్ళూ మాకు సేవ చేసినందుకు ధన్యవాదాలు. ఇక విశ్రాంతి తీసుకోండి." ఇది కంపెనీ ఇచ్చిన వాక్యం. ఇవాళ కుక్కర్ల వరుస మొత్తానికీ చెప్పాను. ఎరుపు.

"దీనికి సెవుడేమోరా తమ్ముడా," అంది గున్నమ్మ.

గున్నమ్మది మా పక్క ఊరు. జీడిపప్పు కార్ఖానాలో వేళ్ళు నల్లబడేదాకా పనిచేసి వచ్చింది. నాకంటే పెద్దది. ఆమె కుక్కరుకీ, జుట్టు ఆరబెట్టే మిషనుకీ అన్నిటికీ దండం పెడుతుంది. కాలికి చాట తగిలితే కళ్ళకద్దుకుంటాం చూడండి, అలాగ. చెవి ఆమెను కూడా నమ్మడం లేదు.

"నిజంగానే దండవెట్టినాను గదరా?"

"అలవాటుగా పెట్టినావప్పా. నువ్వు బస్సుకీ పెడతావు."

40వ నమోదు

రాజధాని నుంచి సినిమా తీసేవాళ్ళు వచ్చారు. వాళ్ళను సుగెనో తీసుకొచ్చింది. సుగెనో మ్యూజియం ఉద్యోగి. వారానికోసారి కింద పట్నం నుంచి వచ్చి, ఉంచాల్సిన వస్తువుకు నీలం చీటీ కడుతుంది. ఆమె ఎంపిక చూస్తే నవ్వొస్తుంది. వారపత్రికల గుట్ట మొత్తంలో, అట్ట మీది అమ్మాయికి ఎవడో పెన్నుతో మీసాలు గీసిన పుస్తకం ఉంచింది. శుభ్రమైనవి అన్ని ఉండగా అదెందుకని అడిగాను.

"మిగతావన్నీ అచ్చు పని. మీసాలు మాత్రం ఒక పిల్లవాడు గీశాడు," అంది.

చదువుకున్నవాళ్ళు. ఏం చెబుతాం.

సినిమా ఆయన పిల్లి బొమ్మ ఉన్న ప్లాస్టిక్ కప్పు చేతిలోకి తీసుకొని కళ్ళు తుడుచుకున్నాడు. ఎంత అమాయకమైన కాలం అన్నాడు. ఆ కప్పు లోపల కట్టుడు పళ్ళు నానేసిన చార కనబడుతూనే ఉంది. తర్వాత నన్ను కిటికీ పక్కన నిలబెట్టి, బట్టలుతికే మిషనుకు వీడ్కోలు చెప్పమన్నాడు. చెప్పాను. ఇంకాస్త నెమ్మదిగా అన్నాడు. నెమ్మదిగా చెప్పాను. తల వంచి చెప్పమన్నాడు. వంచాను. ప్రతిసారీ ఎరుపే.

"ఫరవాలేదు, దీపం చూపించం," అన్నాడు.

వాళ్ళు తెచ్చిన తినుబండారాల కాగితాలు హాల్లోనే పారేసి పోయారు. గున్నమ్మ ఊడ్చింది. ఇంకో యాభై ఏళ్ళకు ఆ కాగితాలను చూసి కూడా ఎవడో ఒకడు ఏడుస్తాడు.

43వ నమోదు

ఈ ఊళ్ళో మిగిలిన మనిషి ఒక్కతే, హిసా. తొంభై దాటింది. ఇంట్లో కిరసనాయిలు మిగులుతుందని రోజూ వచ్చి మా పొయ్యి దగ్గర కూర్చుంటుంది. టీ మాది, వెక్కిరింపు ఆమెది. ఆమె కొండ యాస పట్నం జపనీయులకు అర్థం కాదు. నేను ముందు నేర్చుకున్న జపనీస్ ఆమెదే కాబట్టి నాకు అర్థమవుతుంది. నా చెవికి అది మా వైపు మాటలాగే వినిపిస్తుంది, అలాగే రాస్తాను.

ఇవాళ గున్నమ్మ ఒంటి నిండా నారింజ పువ్వులున్న పాత కుక్కరు బల్ల మీద పెట్టింది. నేను వాక్యం చెప్పాను. ఎరుపు.

"అది నాదే," అంది హిసా పొయ్యి దగ్గర నుంచి. ఊళ్ళో సామాను పోగుచేసినప్పుడు ఇచ్చేసిందట. కర్ర పట్టుకొని లేచి వచ్చింది. దాన్ని కాసేపు చూసింది.

"ఓసి మాయదారి దానా! అడుగంటించకుండా ఒక్కనాడైనా వొండినావే? మా అత్త నన్ను తిట్టింది గానీ నిన్నేటైనా అన్నాదా? ఆ పువ్వులు సూసి కొన్నాను నాను, బుద్ధి నేక. మూతెత్తితే సెయ్యి కాల్సీసేదానివి. పో! నీ మొకం మళ్ళీ సూపించకు."

పచ్చ దీపం. మర తలుపు తెరుచుకుంది. పువ్వుల కుక్కరు లోపలికి పోయింది, కాసేపు చప్పుడైంది, అంతే.

హిసా వచ్చి కూర్చొని కప్పు తీసుకుంది. "ఇంకా సానా తిట్లు ఉండిపోనాయి. మద్దిలోనే పంపీసినాను," అంది.

గున్నమ్మ నా మొహం చూసింది, నేను చెవి మొహం చూశాను.

"తిడితే పచ్చ ఎలిగిందేటి?" అని హిసాను అడిగాను.

"ఎలగదేటి మరి? దానికి మాట నేర్పింది మేమే." విరిగిన సూదుల్ని ఏడాదికోసారి తోఫూ అనే మెత్తటి సోయా పన్నీరు ముక్కలో గుచ్చి సాగనంపడం వీళ్ళ ఆచారం. "ఓపాలి ఆ సూదుల పండక్కి పట్నపోళ్ళు యంత్రాలు అట్టుకోని వొచ్చినారు. మా ముసిలోళ్ళ గొంతులన్నీ ఎక్కించుకున్నారు. మనసులోంచి ఇడిసిపెట్టడం అంటే ఇలాగుంటాదని ఆ పెట్టికి సెప్పినారంట."

"అప్పుడు సూదులకేం చెప్పారు?"

"ఏటి సెప్తాం? ఏళ్ళన్నీ పొడిసీసినాయి గదా, తిట్టినాం. ఆళ్ళకి మా మాట తెల్దు. ముసిలోళ్ళు ఎంత బాగా మొక్కుతున్నారో అనీసి ఏడిసినారు కూడా."

44వ నమోదు

కాళ్ళు పిసికే మిషనును తిట్టి చూశాను. ఎరుపు. మా ఊరి బస్టాండు తిట్లన్నీ వరసపెట్టి తిట్టాను, ఎరుపే. "అది ఎవడికైనా పనికొచ్చే తిట్టు. దానికి తగిలేలా తిట్టు," అంది హిసా.

అప్పుడు దాన్ని సరిగా చూశాను. రిమోటుకు ప్లాస్టిక్ కవరు తొడిగి రెండు రబ్బరు బ్యాండ్లు వేసి ఉంది. కవరు జిడ్డు పట్టి పసుపు రంగుకు తిరిగింది. "నీ రిమోటు మాసిపోకూడదని కవరేశారు. కవరు మాసిపోయింది, నువ్వు లోపల కొత్త పెళ్ళికొడుకులా ఉన్నావు. ఒక్క రోజు ఒక్క వేలు తగలనిచ్చావా? ఎవరి కాళ్ళు బాగుచేశావురా నువ్వు?" అన్నాను.

పచ్చ.

గున్నమ్మ ఒప్పుకోలేదు. "సామాన్ని తిడితే లచ్చిందేవి ఎలిపోద్దిరా," అంది.

"మనది కాదులే అప్పా, వీళ్ళది."

సాయంత్రానికి ఆమెకూ ఓపిక పోయింది. గిరాకీ రావాలని కొట్లో పెట్టే, ఒక చెయ్యి ఎత్తి పిలిచే పింగాణీ పిల్లిని ముందు పెట్టుకుంది. "ఏటే ఆ ఇకిలింపు? రండి రండి అని సెయ్యూపుతున్నావు, నీ కొట్టుకెవలొచ్చినారే? యాపారం ముంచీసి ఇంకా ఊపుతావేటి?" పచ్చ వెలగ్గానే పిల్లిని కళ్ళకద్దుకొని మరలోకి వదిలింది.

52వ నమోదు

పని పరుగెడుతోంది. తూర్పు గోడ వైపు నేల కనబడింది. దాని మీద పిల్లలు బంతాట ఆడిన గీతలు ఇంకా ఉన్నాయి.

తిట్టడం మొదలుపెట్టాక తెలిసింది, ఈ సామానంతా ఒక తరం మొత్తం చేసిన తెలివితక్కువతనం. నలుగురు మనుషులు లేని ఇంట్లో ఇరవై కప్పులు. రొట్టె పిండి కలిపే మిషను, ఒకసారి వాడి మళ్ళీ పెట్టెలో పెట్టినది. వ్యాయామం సైకిలు, దాని హ్యాండిలు మీద బట్టలారేసిన గుర్తులు. ఒక్కొక్కటి చూసి ఉన్నది ఉన్నట్టు చెబితే చాలు, పచ్చ.

గోదాములన్నిటిలో ఏడోది ముందుందని మేనేజరు సందేశం పంపాడు. మంచు పడేలోపు ఖాళీ అయితే మమ్మల్ని దక్షిణాన వెచ్చటి దీవికి మారుస్తారట. గున్నమ్మ మోకాళ్ళకు ఆ మాటే మందులా పనిచేసింది. సుగెనో ఇప్పుడు వారానికి రెండుసార్లు వస్తోంది, మేము తిట్టేలోపే చీటీలు కట్టాలని పరుగులు పెడుతోంది. ఇవాళ ఆమె చేతుల్లోంచి గాజు సీసాల పెట్టె నేనే లాక్కున్నాను. ఒకటే చాలు కదా, చట్టం మీదే కదా అన్నాను.

58వ నమోదు

బడి గేటుకు కాగితం అంటించారు. సుగెనో చేతే అంటింపజేశారు. ఆమె అంటించి, మాతో మాట్లాడకుండా కారెక్కింది.

కాగితంలో ఉన్నది ఇది: గోదాము ఖాళీ అయిన నాటి నుంచి ఈ రోడ్డు మీద మంచు తీయరు, కరెంటు ఆపేస్తారు. మిగిలిన నివాసిని పట్నంలోని జ్ఞాపకాల గృహానికి తరలిస్తారు.

అంటే ఇన్నాళ్ళూ రోడ్డు తెరిచి ఉంచింది కుక్కర్ల కోసం. ఆ దారిలోనే హిసా ఇల్లుంది కాబట్టి ఆమెకూ కలిసొచ్చింది.

కాగితం హిసాకు చదివి వినిపించాను. ఆమెకు ముందే తెలుసు.

"జ్ఞాపకాల గృహం అంటే?"

"ముసిలోళ్ళని కూకోబెట్టి పాత సామాన్లు సేతికిస్తారు. ఇదేటో గురుతుందా అమ్మమ్మా అంటారు. గురుతుందంటే సప్పట్లు." పొయ్యిలోకి చూసింది. "ఆ ఇల్లు మూజియానిదే, సుగెనో నీలం సీటీలు కట్టినవన్నీ ఆడికే ఎల్తాయి. బతుకంతా అయి తోమినాను. ఇప్పుడు ఆటికి ఎదురుగా కూకోని సప్పట్లు కొట్టించుకోవాలంట."

"పోనంటే?"

"మంచు నా నడుం దాకా వొస్తాది. కర్ర మీద ఎంత దూరం పోతాను?"

పని ఆపమని అడగలేదు. నా వైపు చూడను కూడా లేదు. అడిగి ఉంటే నాకు చిరాకొచ్చేది. టీలో చక్కెర తక్కువైందని మాత్రం అంది.

61వ నమోదు

పని: కుట్టుమిషన్ల వరుస. కంపెనీ ఇచ్చిన వాక్యం, ఇచ్చినది ఇచ్చినట్టు, తల వంచి చెప్పాను. ఎరుపు. అన్నీ తిరిగి అరల్లో పెట్టాం.

భావాలు: లేవు.

63వ నమోదు

పని: టేపు రికార్డర్లు. వాక్యం స్పష్టంగా చెప్పాను. ఎరుపు.

గున్నమ్మ మధ్యాహ్నం దాకా సామాను అందించింది. ఆ తర్వాత చేతిలో ఉన్న గుడ్డ నా మీదికి విసిరింది.

"మర్యాద ఎక్కువైపోనాదేట్రా నీకు?"

"కంపెనీ వాక్యమే గదా చెబుతున్నాను."

"నాకు తెల్దనుకున్నావేటి? ఈ సలికాలం కూడా ఈడే ఉండాలి. నా మోకాళ్ళు నువ్వు మోస్తావా?"

"నీ నోరు నీది అప్పా. నువ్వు తిట్టుకో. నేనేమీ అనను."

ఆమె నన్ను పక్కకు తోసి, బల్ల మీద ఒక ఇస్త్రీపెట్టె పెట్టి తిట్టింది. పచ్చ. గడియారాన్ని తిట్టింది. పచ్చ. నా వైపు చూస్తూ రెండు ఫ్యాన్లను తిట్టింది. మూడో ఫ్యాను పట్టుకున్నప్పుడు హిసా పొయ్యి దగ్గర నుంచి చెయ్యి చాపి, తను కూర్చున్న చోటికి పక్కన చాప మీద తట్టింది. మోకాళ్ళు కాచుకోమని. గున్నమ్మ పోలేదు. నిలబడే ఉంది.

కాసేపటికి ఫ్యానుకు దండం పెట్టి, కంపెనీ వాక్యాన్ని సంధ్యావందనంలా గడగడా చదివేసింది. ఎరుపు.

"నా గొంతు బాగోనేదు," అంది. పోయి పొయ్యి దగ్గర కూర్చుంది.

"మీ ఇద్దరికీ జపనీసు బాగా వొచ్చీసింది," అంది హిసా. అదే ఆమె చెప్పిన మంచిమాట. దాన్ని కూడా వెక్కిరింపులాగే చెప్పింది.

70వ నమోదు

ఇవాళ రాజధాని అధికారి వచ్చాడు. పేరు కురాహషి. బూట్లకు మంచు అంటకుండా ప్లాస్టిక్ సంచులు తొడుక్కున్నాడు. సుగెనో వెనకే వచ్చింది. అంత వేగంగా సాగిన పని ఒక్కసారి ఎందుకు ఆగింది అన్నది ప్రశ్న.

నేను వాక్యం చెప్పి చూపించాను. నడుం వంచాను. గున్నమ్మ కూడా వంచింది. ఎరుపు, ఎరుపు.

"ఉచ్చారణ అద్భుతంగా ఉంది. లోపం చెవిదే అయి ఉంటుంది," అన్నాడు కురాహషి.

"చెవిని ఉదయమే పరీక్షించాం. లోపం లేదు," అంది సుగెనో.

అయితే తనే చెబుతానన్నాడు. గోదాములో అన్నిటికంటే పెద్ద వస్తువు తెమ్మన్నాడు. సారా దుకాణంలో తాగినవాళ్ళు పాడుకోవడానికి పెట్టే పాటల పెట్టె అది. బీరువాలో సగం ఎత్తు ఉంటుంది, అడుగున చక్రాలు, నాణెం వేసే చీలిక. దాని ముందు నిలబడి కోటు సర్దుకొని, మంత్రి మాట్లాడినట్టు వీడ్కోలు చెప్పాడు. ఎంత సంస్కృతి, ఎంత సాయంకాలం, ఎంత సామాన్య ప్రజల ఆనందం. ఎరుపు. మళ్ళీ చెప్పాడు. ఎరుపు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. బల్లకు ఇంకొంచెం దగ్గరగా లాగితే వినిపిస్తుందేమోనని పెట్టెను పట్టుకొని లాగాడు.

ఆ పెట్టెకు ముందు చక్రం ఒకటి సరిగా తిరగదు. నేను చెబుదామనుకునేలోపే అది వంకరగా దొర్లి, ఆయన పాదం మీదికి ఎక్కి ఆగింది.

ఆయన నోరు తెరిచాడు.

ఆ క్షణం నేను మరచిపోను. మనిషి మొహంలో నెత్తురంతా పైకి వచ్చింది. పళ్ళ మధ్య ఒక మాట తయారైంది. అది ఎలాంటి మాటో ఏ దేశంలో పుట్టినవాడికైనా తెలుస్తుంది. అది బయటపడితే పచ్చ వెలుగుతుంది. వెలిగితే ఎలా వెలిగిందో ఆయనకు అర్థమవుతుంది. ఆ తర్వాత రాజధాని నుంచి బండెడు మంది వచ్చి ఈ గోదామును వారంలో తిట్టిపోస్తారు. గున్నమ్మ నా మోచెయ్యి గిల్లి పట్టుకుంది. హిసా కప్పు పెదాల దగ్గరే ఆగిపోయింది. సుగెనో చెవి వైపు చూస్తోంది, ఆయన వైపు కాదు.

కురాహషి ఆ మాటను మింగాడు. మింగడం గొంతులో కనబడింది. తర్వాత కోటు మళ్ళీ సర్దుకొని, పాటల పెట్టెకు నడుం దాకా వంగాడు.

"క్షమించండి," అన్నాడు దానితో. "దారికి అడ్డంగా నిలబడింది నేనే."

ఎరుపు.

హిసాకు టీ పొలమారింది. గున్నమ్మ పోయి వీపు తట్టింది. ఆ దగ్గు చాలాసేపు తగ్గలేదు.

కురాహషి కుంటుకుంటూ బల్ల దగ్గర కూర్చొని నివేదిక చెప్పాడు, సుగెనో రాసుకుంది. సిబ్బంది ప్రవర్తన ఆదర్శప్రాయం. వస్తువులు ఇంకా వెళ్ళడానికి సిద్ధంగా లేవు. చట్టం ప్రకారం అవి సిద్ధపడేవరకు గోదాము కొనసాగాలి, రోడ్డూ కొనసాగాలి.

"వస్తువులు సిద్ధంగా లేవు," అని సుగెనో మళ్ళీ చదివింది, సరిగా విన్నానా అన్నట్టు. ఆయన తలూపాడు.

పోయేముందు ఆమె నా దగ్గర ఆగింది. గాజు సీసాల పెట్టె ఎక్కడుందని అడిగింది. పై అరలో, చెక్కుచెదరలేదు అన్నాను. సరే అంది. ఆమెకు ఏం అర్థమైందో నేను అడగలేదు.

74వ నమోదు

పొద్దుటికి గేటు మీది కాగితం సగం దాకా మంచు వచ్చింది. తెల్లారాక కింది మలుపు దగ్గర మంచు తీసే బండి చప్పుడు వినబడింది. దాన్ని నడిపేవాడు మా గేటు దాకా వచ్చి, హిసా గుమ్మం ముందు కూడా ఒక దారి తీసి పోయాడు. ఆమె గడపలో నిలబడి, దారి వంకరగా తీశాడని వాడిని తిట్టింది. వాడు టోపీ తీసి వంగాడు.

గున్నమ్మ మోకాళ్ళకు హిసా చాప, నా చాప, రెండూ పరిచాం. అయినా మూలుగుతోంది, నన్ను పేరు పెట్టి మరీ శపిస్తోంది. ఆమె కూర్చున్న చోటు నుంచి బల్ల దాకా వినబడుతుంది కాబట్టి, పచ్చ వెలగకుండా చెవి పెట్టె మీద దళసరి తువ్వాలు కప్పాను. గాయని మొహం ఉన్నదే.

పని: తువ్వాలు తీసి, పాటల పెట్టెకు పద్ధతి ప్రకారం ధన్యవాదం. ఎరుపు.

భావాలు: చలి.